చేనేత చిన్నవ్యాపారాల వెబ్‌సైట్లు: పాఠప్రణాళికలో తెలుగు స్థానం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం

చిన్న వ్యాపారానికి వెబ్‌సైటును రూపొందించే పని సాధారణంగా రంగులు, ఛాయాచిత్రాలు, అమరికల ఎంపికతో మొదలవుతుంది. అక్కడ ఉండవలసిన మాటలు చివర మిగిలిన ఖాళీలను నింపే సామగ్రిగా మారుతున్నాయి. పోచంపల్లి ఇక్కత్ చేనేతను ఆధారంగా తీసుకొని, వెబ్‌సైటు ప్రణాళిక ప్రధానంగా పాఠప్రణాళిక అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అసలు నేతను నకలు నుంచి వేరుచేసి చూపగల సమాచారం నేతపనివారి తెలుగులోనే ఉందని, దానికి మొదటి ముసాయిదాలో చోటు లేకపోవడం వల్ల వ్యాపారికి నష్టం కలుగుతోందని వాదిస్తుంది.

కీలకపదాలు: చేనేత, పోచంపల్లి ఇక్కత్, వెబ్‌సైటు ప్రణాళిక, వాణిజ్య వచనం, వృత్తిపదాలు.

1. ప్రవేశిక

మగ్గమున్న ఇంటి ముందుగదిలో చీర అమ్మే మనిషి మౌనంగా అమ్మడు. వచ్చినవారు చాప మీద కూర్చోగానే చీర ఎవరికని అడుగుతాడు. పెళ్లికా, పెట్టుబడికా అని అడుగుతాడు. ఎంతలో కావాలని నేరుగా అడగకుండా రెండు మూడు ధరల చీరలు పక్కపక్కన పరుస్తాడు. కొనేవారి చెయ్యి ఏ చీర మీద ఆగిందో చూసి దాని కొంగు విప్పుతాడు, తిరగేసి వెనకవైపు చూపుతాడు. రంగు పోతుందా అన్న సందేహానికి జవాబు చెబుతాడు. ధర తగ్గదని చెప్పి కొంత తగ్గిస్తాడు.

ఈ సంభాషణకు ఒక క్రమముంది. ఏ మాట ముందు చెప్పాలో, ఏది అడిగినప్పుడే చెప్పాలో, ఏది చెప్పకుండా చూపించాలో అమ్మేవారికి అనుభవం వల్ల తెలుసు. అదే వ్యాపారం వెబ్‌సైటుగా మారినప్పుడు అమ్మే మనిషి అక్కడ ఉండడు. కొనేవారు అడగబోయే ప్రశ్నలను ముందే ఊహించి, వాటి జవాబులను సరైన వరుసలో అమర్చి ఉంచాలి. వెబ్‌సైటు ప్రణాళిక అని పిలిచే పనిలో అధికభాగం ఇదే. ఇది వాక్యాలకూ వాటి వరుసకూ సంబంధించిన పని కనుక భాషావిమర్శ పరిధిలోకి వస్తుంది.

పోచంపల్లిని ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఈ ఊరు 1951లో భూదానోద్యమానికి ఆరంభస్థలమై భూదాన్ పోచంపల్లిగా పేరు పొందింది. ఇక్కడి ఇక్కత్ నేతకు 1999 నాటి చట్టం కింద భౌగోళిక సూచిక నమోదు ఉంది. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ దీనిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. ఇంత పేరున్న సరుకుకు ఆ పేరే ఒక చిక్కు తెచ్చిపెట్టింది. మిల్లు గుడ్డ మీద ఇక్కత్ నమూనాను అచ్చువేసి, పోచంపల్లి పేరు తగిలించి, నాలుగోవంతు ధరకో అంతకన్నా తక్కువకో అమ్మడం అంగళ్లలోనూ అంతర్జాలంలోనూ మామూలైపోయింది. ఫోను తెర మీద అరచేతి పరిమాణంలో కనిపించే ఛాయాచిత్రంలో ఈ రెండింటికీ తేడా తెలియదు. అక్కడ తేడా చూపవలసిన బాధ్యత మాటలదే.

2. పాఠకుడు ఎవరు?

వెబ్‌సైటు ప్రణాళిక గురించి రాసినవారందరూ మొదట వేసే ప్రశ్న ఇది. దీనికి చేనేత వ్యాపారి దగ్గర ఒక జవాబు ఉండదు, కనీసం నాలుగు ఉంటాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి పండుగకు చీర కొనే గృహిణి ఒకరు. అమెరికాలో స్థిరపడి, ఊరికి వచ్చే బంధువుల చేత చీరలు తెప్పించుకునే తెలుగు కుటుంబం మరొకటి. తెలుగు రాని బెంగళూరు, ఢిల్లీ కొనుగోలుదారులున్నారు. మీటర్ల లెక్కన గుడ్డను, డజన్ల లెక్కన దుప్పట్లను అడిగే టోకు వ్యాపారి ఉన్నాడు. ఈ నలుగురికీ కావలసిన సమాచారం వేరు. టోకు వ్యాపారికి చీర వెనుక కథతో పని లేదు. నెలకు ఎంత సరుకు ఇవ్వగలరో చెబితే చాలు. అమెరికా కుటుంబానికి తపాలా ఖర్చు, చేరడానికి పట్టే రోజులు ముఖ్యం. ఇంగ్లీషు లేకుండా వీరిలో సగం మందికి సరుకు అమ్మడం సాధ్యం కాదు. కాబట్టి ఇంగ్లీషు ఉండటం మీద ఈ వ్యాసానికి ఫిర్యాదు లేదు.

విమర్శ ఉన్నది వేరే చోట. చాలా వెబ్‌సైట్లు ఈ నలుగురిలో ఎవరినీ ఉద్దేశించి రాసినవి కావు. సిద్ధంగా దొరికే నమూనాను తీసుకొని, అందులో ముందే ఉన్న పెట్టెలను నింపడమే రచనగా సాగుతోంది. పెట్టెకు పై వరుసలో ఒక నినాదం కావాలి, దాని కింద మూడు చిన్న బొమ్మలు, మూడు గుణాలు కావాలి. నమూనా అడిగింది కాబట్టి గుణాలు మూడే ఉంటాయి. తెలుగు సాధారణంగా దుకాణం పేరు దగ్గరో, ఉగాది శుభాకాంక్షల పటంలోనో అలంకారంగా కనిపించి ఆగిపోతుంది. మరికొన్ని చోట్ల యాంత్రికానువాదపు మీట ఒకటి అమర్చి, తెలుగు కూడా ఉందనిపిస్తారు. ఆ మీట నొక్కితే వచ్చే వచనంలో నేతపదం ఒక్కటి కూడా సరిగా రాదు. మూలంలోని ఇంగ్లీషులోనే ఆ పదాలు లేనప్పుడు అనువాదంలోకి ఎక్కడినుంచి వస్తాయి?

3. 'మా గురించి' పుట

చిన్నవ్యాపారపు వెబ్‌సైటులో యజమాని స్వయంగా మాట్లాడే చోటు ఇది. విచిత్రంగా అతని గొంతు వినిపించనిదీ ఇక్కడే. "మా వినియోగదారులకు అత్యుత్తమ నాణ్యతను అందించడానికి మేము కట్టుబడి ఉన్నాము" అనే తరహా వాక్యం ఈ పుటకు ఆనవాయితీగా మారింది. వ్యాకరణపరంగా దీనిలో దోషం లేదు. కానీ తెలుగులో ఒకరు మాటకు కట్టుబడతారు, ఒప్పందానికి కట్టుబడతారు; అందించడానికి కట్టుబడటమన్నది ఇంగ్లీషు వాక్యపు నీడ. అంతకంటే పెద్ద లోపం అర్థానికి సంబంధించినది. ఈ వాక్యాన్ని చీరల దుకాణం నుంచి తీసి సిమెంటు దుకాణానికి పెట్టినా ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. అచ్చుగుడ్డ అమ్మే నకలు వ్యాపారి కూడా ఇదే వాక్యాన్ని నిస్సంకోచంగా రాసుకోగలడు, రాసుకుంటున్నాడు కూడా. 'సంప్రదాయబద్ధమైన', 'అసలైన', 'ప్రామాణికమైన' వంటి విశేషణాల పరిస్థితి ఇంతే. అసలు, నకలు రెండూ ఒకే పదజాలంతో మాట్లాడుతున్నప్పుడు కొనేవారికి మిగిలే ఆధారం ధర ఒక్కటే. ఆ పోటీలో మగ్గం గెలవలేదు.

కాబట్టి ఈ పుటలోని ప్రతి వాక్యాన్నీ పరీక్షించడానికి ఒక ప్రశ్న ఉపయోగపడుతుంది: ఈ మాటను నకలు అమ్మేవాడు అనగలడా? అనలేని మాటలు నేత ఇళ్లలో కొల్లలుగా ఉన్నాయి. ఉదాహరణకు ఆసు. ఇక్కత్ చీరలో పేకకు రంగులద్దే ముందు దారాన్ని ఆసు చట్రం మీద మేకుల వరుస చుట్టూ అటూ ఇటూ తిప్పి పోయాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్లదే. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసుయంత్రాన్ని రూపొందించి 1999లో పనిచేయించారు. దానికి తల్లి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది. ఆసు అంటే ఏమిటో తెలియని లక్షలమంది తెలుగువారికి ఆ సినిమా ఒక మాట నేర్పింది. ఆ ప్రేక్షకులే చీర కొనడానికి వెబ్‌సైటుకు వస్తే ఆ మాట అక్కడ కనిపించడం అరుదు. కొనేవారికి ముందే తెలిసిన, ధరను సమర్థించగల, నకలుకు ఏమాత్రం పనికిరాని పదాన్ని అమ్మేవారే వదులుకుంటున్నారు.

'ఇక్కత్' అన్న మాట విషయమూ ఇటువంటిదే. ఇది ముడివేయడం, కట్టడం అనే అర్థమున్న మలయ–ఇండొనేషియా ధాతువు నుంచి ప్రపంచ వస్త్రపరిభాషలోకి వచ్చింది. తెలుగు నేతపనివారు ఈ పనిని 'చిటికి' అంటారు. దారాల కట్టను నమూనా ప్రకారం రబ్బరు పేలికలతో బిగించి కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచడం – ఇదంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఇక్కత్ అని వెతికేవారు ఉన్నారు కనుక ఆ పదాన్ని తొలగించమనడం అవివేకం. పక్కన చిటికి లేకపోవడం మాత్రం నష్టమే. పడుగు, పేక, కండె, నాడె, గుంటమగ్గం వంటి పదాలను వృత్తిపదకోశాల కోసం సేకరించిన పరిశోధకులు తెలుగుశాఖలలో ఉన్నారు. ఆ కార్డులు అరలలో ఉండగా, ఆ పదాలతో పూట గడుపుకునే ఇంటి వెబ్‌సైటు పదాలు లేక విశేషణాలను అరువు తెచ్చుకుంటోంది.

పదాలను కూడా నకలు చేయవచ్చుగదా అన్న ఆక్షేపణ సహజం. చేయవచ్చు. అయితే పరీక్షకు నిలిచే వాక్యం రాసినవారిని కట్టిపడేస్తుంది. "ఈ చీరలో పడుగూ పేకా రెండూ చిటికి కట్టినవే. తిరగేసి చూడండి, రెండువైపులా రంగు ఒకే తీరుగా ఉంటుంది. పువ్వు అంచులు గీత గీసినట్టు ఉండవు, కొద్దిగా చెదిరినట్టుంటాయి, దారానికి ముందే రంగు వేసి నేయడం వల్ల అలా వస్తుంది" అని రాసిన వ్యాపారి, చీర చేరిన రోజున కొనేవారు చేసే పరీక్షను తానే నేర్పినట్టు. అచ్చుగుడ్డ వెనకవైపు వెలిసినట్టుంటుంది కనుక నకలు వ్యాపారి ఈ వాక్యాన్ని ఎత్తి రాసుకుంటే అది అతని మీదికే తిరుగుతుంది. చేనేత గుర్తు 2006 నుంచి, పట్టు గుర్తు 2004 నుంచి అమలులో ఉన్నాయి. ఆ గుర్తుల బొమ్మలను పుట అడుగున చిన్నగా అతికించి వదిలేయడం కంటే, అవి చీరకు ఎక్కడ ఉంటాయో, వాటితో ఏమి తెలుసుకోవచ్చో రెండు వాక్యాలలో చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

4. షరతుల భాష

ధర, కొలత, వాపసు, చిరునామా – వీటిని సాహిత్య విద్యార్థి వచనంగా గుర్తించడు. కొనేవారు అత్యంత శ్రద్ధగా చదివేవి మాత్రం ఇవే. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ–కామర్స్) నియమాల ప్రకారం అంతర్జాలంలో అమ్మే సంస్థ తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, సంప్రదింపు వివరాలు, ఫిర్యాదుల అధికారి వివరాలు చూపాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. చిన్న వ్యాపారాలు ఈ భాగాన్ని మరో దుకాణం నుంచి యథాతథంగా తెచ్చుకోవడం, ఒక్కొక్కసారి ఆ దుకాణం పేరు తీసివేయడం కూడా మరవడం కనిపిస్తుంది. అయిదు పుటల న్యాయపు ఇంగ్లీషులో తనకు తానే ఏ హామీ ఇచ్చాడో యజమానికి తెలియదు.

తెలుగులో దీనికి ఒక పాత నమూనా ఉంది, కానీ అది అనుసరణీయం కాదు. "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న రసీదుపుస్తకపు వాక్యంలో తీసుకోనిది ఎవరో చెప్పకుండా 'బడు' ధాతువు దాచేస్తుంది. ఎదురుగా నిలబడిన మనిషి మొహం చూస్తూ అనలేని మాటను రసీదు చేత అనిపించడం ఆ వాక్యం ప్రయోజనం. వెబ్‌సైటులో మనిషే లేడు కాబట్టి కర్త కనిపించడం మరింత అవసరం. "నేతలో లోపముంటే 7 రోజుల్లో తిరిగి పంపండి, తపాలా ఖర్చు మేమే భరిస్తాం. ఫోను తెర మీది రంగుకూ చీర రంగుకూ కొద్ది తేడా ఉండవచ్చు, ముందుగా అడిగితే పగటి వెలుతురులో తీసిన బొమ్మ పంపుతాం" అనే రెండు వాక్యాలలో కర్త, గడువు, ఖర్చు, ముందస్తు హెచ్చరిక అన్నీ ఉన్నాయి. ప్యాకేజీ సరుకుల మీద తప్పనిసరి వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలని తూనికలు, కొలతల నియమాలు చెబుతున్నాయి; అదనంగా మరో భాష వాడటానికి అడ్డు లేదని కూడా అవే చెబుతున్నాయి. చట్టం వద్దనడం వల్ల తెలుగు లేదన్న సాకు నిలవదు.

5. వాక్యం, తెర

అంతర్జాలంలో పాఠకులు మాట మాటా చదవరు, చూపు జార్చుకుంటూ పోతారని జాకబ్ నీల్సన్ 1997లోనే చెప్పాడు. చూపు వరుస మొదటి మాటల దగ్గర ఎక్కువసేపు ఆగుతుందని తరువాతి పరిశీలనలు చూపాయి. ఇంగ్లీషును ఉద్దేశించి ఏర్పడిన ఈ అవగాహనను తెలుగుకు అన్వయించేటప్పుడు ఒక భేదం గమనించాలి. తెలుగులో విశేషణాలన్నీ ముందు వచ్చి నామవాచకం చివర వస్తుంది. 'తరతరాల సంప్రదాయంతో చేతితో నేసిన అపురూపమైన పట్టు చీరలు' అన్న శీర్షికలో చీర అన్న మాట వచ్చేసరికి చూపు కింది వరుసకు దిగిపోయి ఉంటుంది. ఫోను తెర మీద ఆ మాట రెండో వరుసలో పడుతుంది. 'పట్టు చీరలు – డబుల్ ఇక్కత్' అని వస్తువును ముందుపెట్టి, వివరాన్ని తరువాత చెప్పడం తెలుగు ధరల పట్టికలకు కొత్తేమీ కాదు. కిరాణా చీటీ రాసే ప్రతివారూ 'కందిపప్పు – 2 కిలోలు' అనే రాస్తారు.

వెతుకులాట గురించి క్లుప్తంగా. 'పట్టుచీర', 'పట్టు చీర'. 'ఇకత్', 'ఇక్కత్' – ఇవన్నీ జనం వాడే రూపాలే. తెలుగు మాటలనే రోమన్ లిపిలో కొట్టేవారు మరింత ఎక్కువ. ఒకే రూపాన్ని పట్టుకు కూర్చోకుండా పాఠంలో సహజంగా రెండు మూడు రూపాలు వచ్చేలా రాయాలి. బొమ్మలో చెక్కిన తెలుగు అక్షరాలను సెర్చ్ యంత్రాలు నమ్మకంగా పట్టుకోలేవు, చూపులేనివారి కోసం చదివి వినిపించే ఉపకరణాలు అసలే చదవలేవు. యూనికోడులో టైపుచేసిన అక్షరం మాత్రం రెండింటికీ అందుతుంది. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటి అక్షరరూపాలు ఉచితంగా దొరుకుతున్నప్పుడు తెలుగును బొమ్మగా అతికించవలసిన అవసరం లేదు. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు సరిపోదు: పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. 'స్త్రీ' అన్న అక్షరం చీరల దుకాణంలో తరచు అవసరపడేదే గనుక ఈ లోపం అక్కడ మొదట బయటపడుతుంది.

6. వాణిజ్య వచనం పట్ల విమర్శ నిర్లక్ష్యం

వ్యాపారమూ తెలుగు వచనమూ ఒకదాన్నొకటి పోషించుకున్న చరిత్ర లేకపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించారు. ఆ ఆదాయం అండగా 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపారు. ఆ పత్రిక సాహిత్యసేవ గురించి సిద్ధాంతవ్యాసాలు వచ్చాయి. ఆ కాలపు పత్రికల ప్రకటనలలోని తెలుగును వచనంగా చదివిన అధ్యయనాలకు మాత్రం ఆ స్థాయి ఆదరణ లేదు. కరపత్రం, ధరల పట్టిక, పుస్తకం వెనుక అట్ట మీది ప్రకటన, దుకాణపు పలక – వీటిని సాహిత్యేతరమని పక్కన పెట్టిన అలవాటు వెబ్‌సైటు కాలానికీ కొనసాగుతోంది. దాని ఫలితం తరగతిగదిలో కనిపిస్తుంది. తెలుగు ప్రధానంగా చదివిన పట్టభద్రులు అంతర్జాల రచన ఉద్యోగాలకు వెళ్తున్నారు; అక్కడ వారిచేత చేయిస్తున్నది ఇంగ్లీషు పెట్టెలకు తెలుగు మూతలు బిగించే పని. ఆసు పోసే ఇంట్లో ఒక పూట కూర్చుని, విన్న మాటలతో రెండువందల పదాల పుట రాయమనే అభ్యాసం పాఠ్యప్రణాళికలో ఎక్కడా కష్టం కాదు. క్షేత్రపర్యటన, వృత్తిపదసేకరణ, రచన మూడూ అందులో ఉన్నాయి.

7. పుట పాతబడటం

ప్రణాళికలో చివరకు నెట్టివేసే అంశం నిర్వహణ. ఇక్కత్ నేతలో ఒక నమూనా అమ్ముడైపోతే మళ్లీ అదే చీర రావడానికి దారానికి రంగులద్దడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. కాబట్టి నిరుడు అమ్ముడైన చీర ఈ ఏడూ తెర మీద ఉండటం ఇక్కడ మిగతా సరుకులకన్నా పెద్ద దోషం. వెబ్‌సైటు కట్టి ఇచ్చిన యువకుడు ఉద్యోగం దొరికి ఊరు విడిచిన తరువాత దానిని మార్చగలిగేవారు ఇంట్లో ఎవరో మొదటి రోజే నిర్ణయించుకోవాలి. వందల చీరల పట్టికను మోయలేని ఇంటికి అయిదు చీరలు, ఒక ఫోను నంబరు, వాట్సాప్‌లో ఈ వారపు బొమ్మలు పంపుతామన్న ఒక వాక్యం సరిపోతాయి. నిజానికి చాలా ఇళ్లకు ఇంతకంటే ఎక్కువ అవసరం లేదు. ఎక్కువ కావాలని నమ్మించేది నమూనాలు అమ్మేవారే.

అంతర్జాల చిరునామా ఎవరి పేర నమోదైందన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. తెలుగు లిపిలో '.భారత్'తో ముగిసే చిరునామాలు అందుబాటులోకి వచ్చాయి గానీ, లిపి ఏదైనా గడువులోగా రుసుము కట్టి పునరుద్ధరించకపోతే ఆ పేరు చేజారుతుంది. కట్టి ఇచ్చినవారి పేర నమోదై ఉంటే గడువు హెచ్చరికలు వారికే వెళ్తాయి, యజమానికి తెలియదు. ఈలోగా ఆ చిరునామా చీర పెట్టి ఇచ్చే చేతిసంచి మీద అచ్చై ఊళ్లు దాటిపోయి ఉంటుంది. ఆ సంచి చూసి మరో చీర కోసం వెతికేవారికి అక్కడ ఎదురయ్యేది, ఆ పేరును కొనుక్కున్న మరెవరిదో అచ్చుగుడ్డల దుకాణం కావచ్చు.